పెద్దమనిషైన పిల్లకు ఎవరూ చెప్పని మాట

మా నెల్లూరు మెట్టలో ఒక పిల్ల పెద్దమనిషైతే ఊరంతటికీ తెలుస్తుంది. మేనమామకు కబురు పోతుంది. ముత్తయిదువలొచ్చి పిల్లను చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి చేతిలో పెడతారు. కాస్త కలిగినవాళ్లయితే ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో కల్యాణ మండపం మాట్లాడతారు. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది. మధ్యలో పట్టు ఓణీలో తలొంచుకున్న పిల్ల, చుట్టూ పెదనాన్నలు, బాబాయిలు, మేనమామలు, ఓ మూల ఊరి నాయకుడు. భోజనాలు, ఫొటోలు, వీడియో. ఇంత సందడిలో ఆ పిల్లను ఒక్క పావుగంట పక్కకు పిలిచి, "అమ్మణ్ణీ, నీ ఒంట్లో ఇది ఎందుకొచ్చిందంటే..." అని మొదలుపెట్టేవాళ్లు ఎందరు? చెప్పే మాటలు వేరే ఉంటాయి. దేవుడి గూడు దగ్గరికి పోవద్దు. ఊరగాయ జాడీ తాకొద్దు. మగపిల్లలతో ఆటలు ఇక కట్టిపెట్టు.

లైంగిక విద్య ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ "ఇలాంటివి నలుగుర్లో మాట్లాడుకోవడం మన సంప్రదాయం కాదు" అంటారు. నాకు ఆ మాట ఎన్నడూ సరిగా తోచలేదు. ఒకమ్మాయి నెల తప్పితే ఊరు మాట్లాడుకుంటుంది. పెళ్లయిన ఏడాదికి కడుపు పండకపోతే ముఖమ్మీదే అడుగుతుంది. పొద్దుగూకే వేళ అరుగుల మీద ఎవరు ఎవరితో తిరుగుతున్నారో లెక్కలు తేలతాయి. ఒంటి గురించీ, కాపురం గురించీ, కాన్పు గురించీ మనం మాట్లాడుతూనే ఉన్నాం. తెలుసుకోవాల్సిన వయసులో ఉన్న పిల్లలు అటుగా వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించి "నువ్వు లోపలికి పో" అంటాం. కాబట్టి తేల్చుకోవాల్సింది పిల్లలతో ఎవరు మాట్లాడాలి, ఏ వయసులో, ఏ మాటలతో అన్నది.

తల్లిదండ్రుల భయం చాలావరకు ఆ పేరులోనే ఉంది. తెలుగులో 'సెక్స్' అంటే ఒక్కటే అర్థం. 'సెక్స్ ఎడ్యుకేషన్' అనగానే ఆ పని ఎలా చేయాలో బళ్లో నేర్పుతారేమోనని కంగారు పడతారు. నిజానికి అందులో ఉండేవి ఒంటి భాగాల పేర్లు, శుభ్రత, ఎదిగే వయసులో వచ్చే మార్పులు, నెలసరి, ఎవరైనా తాకకూడని చోట తాకితే ఏం చేయాలన్నది, ఇష్టమంటే ఏమిటి, బలవంతమంటే ఏమిటి, గర్భం ఎలా వస్తుంది, ఎందుకు తొందరపడకూడదు, రోగాలు ఎలా అంటుతాయి, చట్టం ఏమంటుంది. ఈ వరుస చదివి వినిపిస్తే "ఇది చెప్పొద్దు" అని ఫలానా అంశం మీద వేలు పెట్టిన తల్లి నాకు ఇంతవరకు తగల్లేదు.

ఈ చర్చకూ ఉదయగిరికీ ఒక ముడి ఉంది. 2005లో కేంద్ర ప్రభుత్వం, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం ప్రారంభించాయి. తొమ్మిది, పదకొండు తరగతులకు 16 గంటల పాఠాలు. 2007 నాటికి ఆ పుస్తకాల్లోని బొమ్మల మీదా, మాటల మీదా దుమారం రేగింది. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ తమ బడుల్లో వద్దన్నాయి. దేశమంతా చర్చ జరిగి ఒక ఒప్పందానికి వచ్చేదాకా ఆపాలని రాజ్యసభకు అర్జీ వెళ్లింది. దాన్ని విచారించిన పిటిషన్ల కమిటీకి అధ్యక్షులు ఎం. వెంకయ్యనాయుడు గారు. నెల్లూరు జిల్లా చవటపాళెంలో పుట్టి, 1978లోనూ 1983లోనూ ఉదయగిరి నుంచి శాసనసభకు గెలిచినవారు. మన పల్లెల్లో ఓట్లడిగిన మనిషి, ఈ విషయంలో దేశానికి ఒక సలహా చెప్పే స్థానంలో కూర్చున్నారు.

2009లో ఇచ్చిన ఆ 135వ నివేదిక సారాంశం ఇది. బడుల్లో లైంగిక విద్య అక్కర్లేదు. పెళ్లికి ముందు లైంగిక సంబంధం కూడదన్న సందేశం పిల్లలకు అందాలి. మహనీయుల జీవితాలు చదివించాలి. బాల్యవివాహం నేరమనీ, ఆడపిల్ల ఆరోగ్యానికి చేటనీ తెలియజెప్పాలి. కౌమారంలో వచ్చే మార్పులు, హెచ్ఐవీ వంటి అంశాలను ప్రస్తుత పాఠ్యాంశాల నుంచి తీసేసి, పదో తరగతి దాటాక, ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రంలో చేర్చాలి.

ఈ నివేదికను ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. తల్లిదండ్రులతో మాట్లాడకుండా ఢిల్లీ నుంచి పుస్తకం పంపితే ఊళ్లో అది నిలవదని అప్పటి గొడవ రుజువు చేసింది. బాల్యవివాహం గురించి పిల్లలకే చెప్పాలన్న సూచన కూడా మంచిదే. కానీ 'ఇంటర్‌లో జీవశాస్త్రం' అన్న దగ్గర నా మనసు ఆగిపోతుంది. మన రాష్ట్రంలో ఇంటర్‌లో జీవశాస్త్రం చదివేది దాదాపుగా బైపీసీ పిల్లలే. ఎంపీసీ, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు ఆ పుస్తకమే ఉండదు. ఐటీఐకి, పాలిటెక్నిక్‌కు పోయినవాళ్లకూ ఉండదు. సీతారామపురంలోనో మర్రిపాడులోనో పదో తరగతితో చదువు ఆపేసి పొలానికో, బెంగళూరులో మేస్త్రీ పనికో పోయిన పిల్లాడికి అసలే ఉండదు. డాక్టరో, నర్సో, ఫార్మసిస్టో కావాలనుకున్న కొద్దిమందికే తమ ఒంటి సంగతి తెలియాలన్నట్టు అవుతుంది. కమిటీ ఉద్దేశం అది కాకపోవచ్చు. ఫలితం మాత్రం అదే.

ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 23.3. సర్వే నాటికి 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశంలో అది 6.8 శాతమే. అక్షరాస్యతలో, ఆస్పత్రి కాన్పుల్లో మనకంటే వెనకబడ్డ రాష్ట్రాలు కొన్ని ఈ విషయంలో మనకంటే మెరుగ్గా ఉన్నాయి. ఇంటర్ దాకా ఆగితే, చెప్పవలసిన పిల్లల్లో కొందరు అప్పటికి చంకలో బిడ్డతో ఉంటారు.

మెట్ట ప్రాంతంలో దీనికి తోడయ్యేవి ఉన్నాయి. వానలు ముఖం చాటేస్తే తల్లిదండ్రులు హైదరాబాదుకో, చెన్నైకో, బెంగళూరుకో పనికి పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. ఎదిగిన ఆడపిల్లను ముసలివాళ్ల దగ్గర వదిలిపోవడమంటే తల్లికి గుండెల్లో రాయి. మేనమామకో, మేనత్త కొడుకుకో ముడిపెట్టి పోతే ఒక దిగులు తీరుతుందనుకుంటారు. ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. ఆమెకు కావలసింది పిల్ల క్షేమం. తెలివిడి కూడా క్షేమమేనని మనం ఆమెకు చూపించాలి.

అసలు అడ్డంకి భాష. ఒంటి గురించి మనకు రెండే రకాల మాటలున్నాయి. ఒకటి పుస్తకంలో ఉండే సంస్కృతం: జననాంగాలు, ఋతుచక్రం, స్ఖలనం. రెండోది వీధిలో తిట్లు. మామూలుగా, మర్యాదగా, అమ్మ నోటి నుంచి వచ్చే మాట మధ్యలో లేదు. నెలసరికి ఎన్ని పేర్లున్నాయో చూడండి. బయటుంది, దూరంగా ఉంది, ముట్టయింది, డేట్ వచ్చింది. అన్నీ దాచే మాటలే. మూడేళ్ల బిడ్డకు కన్ను, ముక్కు, చెవి నేర్పి, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి మోకాలికి దూకుతాం. మధ్యలో ఉన్నదానికి ముద్దుపేరు పెడతాం, లేదంటే 'ఛీ' అంటాం. రేపు ఎవడైనా అక్కడ చెయ్యి వేస్తే ఆ బిడ్డ వచ్చి ఏమని చెబుతుంది? తన దగ్గర మాటే లేదు. పోలీసు స్టేషన్లో, కోర్టులో బిడ్డ చెప్పేది తేలక కేసు నీరుగారిపోవడానికి ఇదీ ఒక దారి అవుతుంది. పుస్తకంలోని పేర్లనే చిన్నప్పటి నుంచి ఇంట్లో వాడితే అవీ కన్ను, ముక్కులాగే మామూలైపోతాయి. నాలుగు రోజులు నాలుక తడబడుతుంది, అంతే.

ఇక బడి. ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం, పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఏనాటి నుంచో ఉన్నాయి. పాఠం లేకపోవడం కాదు, చెప్పకపోవడమే మన బాధ. "ఇది ఇంటికెళ్లి చదువుకోండి" అని పేజీలు తిప్పేస్తారు. పరీక్షకు పువ్వు నిలువుకోత పటం గీయిస్తారు, ఎందుకంటే దానికి మార్కులు వస్తాయి, దాంట్లో సిగ్గు లేదు.

నేను జీవశాస్త్రం టీచరుగా పనిచేసినదాన్ని. మొదటి రెండేళ్లు నేనూ అలాగే పేజీలు తిప్పాను. మూడో ఏడు ఒక మధ్యాహ్నం ఏడో తరగతి పిల్ల ఒకతి బెంచీ మీంచి లేవలేదు. ఇంటి బెల్లు కొట్టారు, అందరూ పోయారు, ఆమె మాత్రం రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. దగ్గరికి వెళ్తే నావైపు చూడకుండా, "మేడమ్, నాకు లోపల ఏదో తెగిపోయినట్టుంది. అమ్మకు చెప్పొద్దు, ఆస్పత్రికి డబ్బుల్లేవు" అంది. పరికిణీ తడిసిపోయింది. మూడు పీరియడ్ల సేపు తాను చచ్చిపోతున్నాననుకుని ఆ పసిది నోరు మెదపకుండా కూర్చుంది, ఆస్పత్రి ఖర్చు లెక్కపెట్టుకుంటూ. ఆ ఏడాది నుంచి నేను ఆ పాఠం దాటేయలేదు. ఎనిమిదో తరగతి దాకా ఆగకూడదని కూడా ఆ రోజే తెలిసింది. ఇప్పుడు తొమ్మిదేళ్లకు, పదేళ్లకు కూడా కొందరికి నెలసరి మొదలవుతోంది. చెప్పేది నాలుగో తరగతిలోనే చెప్పాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. 2000 దశకం మొదట్లో హెచ్ఐవీ ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేసింది. 2005-06 సర్వేలో 15-49 ఏళ్లవాళ్లలో ఇంచుమించు 1 శాతానికి ఆ వైరస్ కనిపించింది. ఆ కాలంలోనే 'పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?' అనే ప్రశ్న రోడ్డు పక్క బోర్డుల మీదికి ఎక్కింది. బస్సు కిటికీలోంచి పిల్లలందరూ దాన్ని చదివారు. క్లాసుకొచ్చి "ఎట్టొస్తుంది మేడమ్?" అని అడిగితే రక్తమార్పిడి, సూదులు, తల్లి నుంచి బిడ్డకు అని మూడు చెప్పి, నాలుగోదాని దగ్గర మేమంతా గొంతు సవరించుకునేవాళ్లం. ఆ బోర్డుకు ఉన్న ధైర్యం మాకు లేకపోయింది. 2014లో కిశోర స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ప్రత్యేక క్లినిక్కులంటూ. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టి, 11 అంశాలు చెప్పించే ఏర్పాటు వచ్చింది. 2021 అక్టోబరు 5న మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు 10 శానిటరీ న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇది నిజంగా గొప్ప మేలు. బడి మానే రోజులు తగ్గాయని టీచర్లందరం చూశాం. కానీ ఐదారు తరగతుల పిల్లలు ఆ లెక్కలో లేరు. దాంతోపాటు జరగాల్సిన నెలవారీ ముచ్చట చాలాచోట్ల ప్యాకెట్లు పంచి సంతకం పెట్టించుకోవడంతోనే ముగిసేది.

'చెబితే చెడిపోతారు' అన్న వాదాన్ని ప్రపంచం చాలా ఏళ్లుగా పరీక్షించి చూసింది. యునెస్కో 2009లో తొలిసారి, 2018లో సవరించి ఇచ్చిన మార్గదర్శకాలు అనేక దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చాయి. సమగ్రంగా చెప్పినచోట పిల్లలు తొందరపడడం పెరగలేదు. కొన్నిచోట్ల ఇంకా ఆలస్యమైంది, జాగ్రత్త పెరిగింది. 'వద్దు' అని మాత్రమే నేర్పిన కార్యక్రమాలు ఆ పని చేయలేకపోయాయి. నెదర్లాండ్స్‌లో నాలుగేళ్ల వయసు నుంచే వయసుకు తగ్గట్టు చెబుతారు. చిన్నవయసు కాన్పులు అతి తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. అంతదూరం ఎందుకు, జార్ఖండ్‌ను చూడండి. మనకంటే పేద రాష్ట్రం, అడవి ఊళ్లు. వేరే రాష్ట్రాలు వద్దంటున్న కాలంలోనే 2006 నుంచి 'ఉడాన్' పేరుతో అదే కౌమార విద్యను తమ బడులకు తగ్గట్టు మలుచుకుని నిలబెట్టుకుంది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల దృశ్యాలకు సంబంధించిన తీర్పులో ఆ కార్యక్రమాన్ని ప్రస్తావించింది. లైంగిక విద్య పడమటి దేశాల సరుకు అనడం, అది పిల్లల్ని పాడుచేస్తుందనడం అపోహ అని ఆ తీర్పులోనే స్పష్టం చేసింది. 2025 అక్టోబరులో అదే కోర్టు మరో కేసులో, తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా చిన్న వయసు నుంచే చెప్పాలంది. 2009 నాటి కమిటీ చెప్పినదానికి ఇది సరిగ్గా ఎదురు. ఆ పదహారేళ్లలో ఎన్నో పసిపిల్లల కేసులు కోర్టు మెట్లెక్కాయి.

ఇంటి సంగతికి వస్తాను. పిల్లను కూర్చోబెట్టి ఎదురుగా తల్లి కూర్చుని ఉపన్యాసం మొదలుపెడితే ఇద్దరికీ చెమటలు పడతాయి. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే ఇళ్లకు వెళ్లి చూడండి. ఈ చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వసారాలో తల్లీ కూతుళ్లు పక్కపక్కన కూర్చుంటారు. తల్లి ఉలితో చెంచా గుంట తొలుస్తుంది, కూతురు ఆకురాయి పెట్టి కాడ నున్నగా చేస్తుంది. చూపులన్నీ చేతుల మీదే. గంటల తరబడి అలా సాగుతుంది. కష్టమైన మాటలకు అంతకంటే మంచి చోటు లేదు. ముఖాలు చూసుకోనక్కర్లేదు, చేతులకు పని ఉంది, మాట ఆగితే ఆకురాయి చప్పుడు వినిపిస్తుంది, మళ్లీ మొదలుపెట్టొచ్చు. మిరపకాయలు తొడిమలు తీసేటప్పుడు, పూలు కట్టేటప్పుడు, బండి మీద తండ్రి వెనక కొడుకు కూర్చున్నప్పుడు కూడా అంతే. ఒకేసారి అంతా చెప్పేయనక్కర్లేదు. ఇవాళ ఒక ముక్క, పది రోజులకు ఇంకో ముక్క.

"పాపాయి ఎక్కడి నుంచి వస్తుంది?" అని ఐదేళ్ల బిడ్డ అడిగితే "అమ్మ కడుపులో ఒక సంచి ఉంటుంది, అందులో పెరుగుతుంది" అంటే చాలు. ఆ వయసుకు అంతే కావాలి. దేవుడిచ్చాడనో, ఆస్పత్రిలో కొన్నామనో చెబితే ఆ బిడ్డ పదేళ్లకు నిజం ఇంకెక్కడో వింటుంది, మనం అబద్ధం ఆడామని తెలుసుకుంటుంది. ఆపైన మనల్ని అడగడం మానేస్తుంది. బిడ్డ అడగడం మానేసిన రోజు నుంచి ఫోను చెబుతుంది. ఆ ఫోనులో కనిపించేదాంట్లో ప్రేమ ఉండదు, మర్యాద ఉండదు, ఎదుటి మనిషి ఇష్టం ఊసే ఉండదు. పన్నెండేళ్ల మగపిల్లాడు అదే సంసారమనుకుంటే, రేపు వాడి చెయ్యి పట్టుకుని వచ్చే ఆడపిల్ల గతేమిటని నాకు దిగులు.

మతం అడ్డొస్తుందనేవాళ్లకు ఒక మాట. ఉదయగిరిలోనూ, అనుమసముద్రంపేట చుట్టుపక్కలా ముస్లిం కుటుంబాలు బాగానే ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో యుక్తవయసుకు వచ్చిన పిల్లలకు గుస్ల్ అనే శుద్ధిస్నానం ఎప్పుడు చేయాలో, ఏ స్థితిలో నమాజు ఉండదో నేర్పడం మతధర్మంలో భాగం. అది నేర్పాలంటే నెలసరి గురించీ, స్వప్నస్ఖలనం గురించీ చెప్పకుండా కుదరదు. సిగ్గుపడకుండా, వెకిలితనం లేకుండా ఆ మాట చెప్పే పద్ధతి ఆ ఇళ్లలో ఉంది. మిగతావాళ్లం అది చూసి నేర్చుకోవచ్చు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. పరస్త్రీని తల్లిలా చూడమని చెప్పే నోటితోనే ఆ తల్లి ఒంటి బాధ ఏమిటో మగపిల్లలకు చెప్పించగలిగితే ఎంత బాగుంటుంది!

మగపిల్లల్ని మనం పూర్తిగా గాలికొదిలేశాం. ఆడపిల్లకు చిమ్మిలి అయినా ఉంది. వీడికి గొంతు మారినా, మీసం మొలిచినా, రాత్రి పక్క తడిసినా అడిగే దిక్కు లేదు. ఏ ఊరి బస్టాండు గోడ చూసినా 'నరాల బలహీనత' పోస్టర్లే. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరు గారు దొరుకుతారని. ఒక చుక్క వీర్యం పోతే ఎన్నో చుక్కల రక్తం పోయినట్టేనని నమ్మి, తాను పనికిరానివాడినైపోయానని కుమిలిపోయే కుర్రాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. చదువు అటకెక్కుతుంది, కూలి డబ్బులు ఆ లాడ్జి గదిలో ఖర్చవుతాయి. అది రోగం కాదు, ఎదుగుదల అన్న ఒక్క మాట తండ్రో, మాస్టారో చెబితే పోయేదానికి! తెలుగులో డాక్టర్ సమరం గారు దశాబ్దాల పాటు పత్రికల్లో ఇలాంటి ప్రశ్నలకే ఓపిగ్గా జవాబులు రాశారు. ఆ శీర్షికలు అంతలా చదివారంటే ఇళ్లలో ఎవరూ చెప్పలేదనే కదా.

మగపిల్లలకు ఇంకో ప్రమాదమూ ఉంది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. అందులో సగానికి పైగా మగపిల్లలే. ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. 'మంచి స్పర్శ, చెడు స్పర్శ' అని బళ్లో చెప్పే పాఠానికి ఇక్కడే ఒక లోటు ఉంది. ముద్దుగా, నవ్వుతూ, చాక్లెట్ ఇచ్చి తాకే బాబాయి చెయ్యి పిల్లకు 'చెడు'గా అనిపించకపోవచ్చు. "ఇది ఎవరికీ చెప్పకు అని ఎవరన్నా అంటే, అది ముందు నాకు చెప్పు" అన్న నియమం ఇంకా గట్టిది. చెప్పినప్పుడు "నువ్వెందుకు పోయావక్కడికి?" అని అడగకూడదు. ఆ ఒక్క ప్రశ్నతో బిడ్డ నోరు జన్మకి మూతపడుతుంది.

పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 నిండనివాళ్లు ఆడైనా మగైనా పిల్లలే. అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థను నడిపే వ్యక్తి దాచిపెడితే ఏడాది దాకా జైలు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేసే అధికారం హెడ్మాస్టరుకు లేదు, సర్పంచికి లేదు. 1098కి ఫోన్ చేస్తే పిల్లల సాయానికి మనుషులొస్తారు. ఆ నంబరు బడి గోడ మీద ఉంటే చాలదు, పిల్లలకు నోటికి రావాలి. ఇదే చట్టంలో పదహారు, పదిహేడేళ్ల ప్రేమజంటలు కూడా చిక్కుకుంటున్నాయి. ఇద్దరూ ఇష్టపడే వెళ్లినా పిల్ల తండ్రి కేసు పెడితే కుర్రాడి బతుకు కోర్టుల పాలే. లైంగిక సమ్మతి వయసును తగ్గించవద్దని లా కమిషన్ 2023లో ఇచ్చిన 283వ నివేదికలో చెప్పింది. తగ్గించాలా వద్దా అన్నది పెద్దల చర్చ. ప్రస్తుతం చట్టం ఇదీ అని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పకపోవడం మాత్రం మన తప్పే.

చేయాలనుకుంటే దారి ఉంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలో అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల మెగా సమావేశం పెట్టారు, 2025 జులై 10న మళ్లీ పెట్టారు. ఆ రోజు కూలి మానుకుని తల్లులు వస్తారు, ముగ్గులేస్తారు, పిల్లలతో కలిసి భోజనం చేస్తారు. అలాంటి రోజున ఒక అరగంట తల్లుల్ని ఒక గదిలో, తండ్రుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఎనిమిదో తరగతి పాఠం వాళ్లకే చెప్పాలి. "మీ పిల్లలకు వచ్చే వారం చెప్పబోయేది ఇదే. ముందు మీరు వినండి" అనాలి. గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, మహిళా పోలీసు ఉంది, ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. బయటి నుంచి ఎవర్నీ తేనక్కర్లేదు. తల్లులు ఆ గదిలో అడిగే ప్రశ్నలు పిల్లలవాటికంటే తక్కువేమీ ఉండవు. చాలామందికి వాళ్ల ఒంటి సంగతి ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి.

బళ్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక అట్టపెట్టె. పైన చీలిక పెట్టి స్టాఫ్ రూము బయట ఉంచాం, పేరు రాయనక్కర్లేదని చెప్పాం. మొదటి వారం రెండు చీటీలే. ఒకటి ఖాళీ, రెండోది బూతు. ఆ బూతు మాటను బోర్డు మీద రాయకుండా, కోప్పడకుండా, "దీనికి పుస్తకంలో పేరు ఇది, ఒంట్లో పని ఇది" అని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తర్వాతి వారం పెట్టె నిండింది. ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా? అక్కకు పదిహేడేళ్లు, పెళ్లి చేస్తున్నారు, ఎవరికి చెప్పాలి? నాకు ఒక పక్క రొమ్ము చిన్నగా ఉంది, జబ్బా? మామయ్య ఒళ్లో కూర్చోమంటాడు, నాకు ఇష్టం లేదు. ఈ చివరి చీటీ రాసిందెవరో కనుక్కోవడానికి నాకు నెల పట్టింది. కనుక్కున్నాం.

ఒక చీటీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. పెన్సిలు రాత, ఏడో తరగతి మగపిల్లాడిదనుకుంటాను. "మా అక్కకు అట్టా ఉన్నప్పుడు ఇంట్లో పడుకుని ఏడుస్తుంది. నేనేం చెయ్యాల?" అని ఉంది. క్లాసులో ఆ ప్రశ్న చదివి, జవాబు చెప్పకుండా ఆడపిల్లల వైపు చూశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "ఆ మూడు రోజులు బోరింగు కాడి నుంచి నీళ్లు నువ్వు మొయ్యి" అంది.